జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్: ఈ కథలో తండ్రి ఎక్కడ?

మా నాయనమ్మ మా తాతగారికి రెండవ భార్య. మొదటి భార్య పోయేనాటికి ఆమె కొడుకు, అంటే మా పెదనాన్న, నాలుగేళ్ళవాడు. నాయనమ్మ మాకు చెప్పిన కథలకు లెక్క లేదు. ఏడు చేపల కథ మొదలుకొని పేదరాశి పెద్దమ్మ కథల దాకా అన్నీ చెప్పింది. సవతితల్లి కథ మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఆ సంగతి నాకు తట్టినది ఆమె పోయిన చాలా ఏళ్ళకు, ఒక కొరియా చిత్రం చూసిన రాత్రి.

ఆ చిత్రం పేరు "జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్". కిమ్ జీ-ఊన్ దర్శకత్వంలో 2003 జూన్‌లో విడుదలయింది. బయటి దేశాలలో "ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్" అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. దయ్యాల సినిమా అనుకొనే నేనూ చూడడం మొదలుపెట్టాను. చూశాక ఆ పేరు వెంట పడి వెళ్తే ఒక పాత జానపద కథలోకీ, ఆ కథ వెనుకనున్న ఆస్తి వ్యవహారంలోకీ చేరుకున్నాను. ఆ దారిలో కనిపించినవే ఇక్కడ రాస్తున్నాను. చిత్రంలోని గుట్టు విప్పక తప్పదు కనుక, చూడదలచినవారు ముందు అది చూసి వచ్చి చదివితే మంచిది.

ముందు కథ చెబుతాను.

ప్యోంగాన్ రాష్ట్రంలో చోల్సాన్ అనే ఊరు. నేడది ఉత్తర కొరియాలో ఉంది. అక్కడ బే అనే ఇంటిపేరు గల ఒక పెద్దమనిషి, స్థానిక పెద్దల సభకు అధిపతి. దేవలోకం నుండి వచ్చిన ఒకరు పువ్వు ఇచ్చినట్లు భార్యకు కల వస్తుంది, ఆడపిల్ల పుడుతుంది. ఆ పిల్లకు జాంగ్‌హ్వా, అంటే గులాబీ, అని పేరు పెడతారు. రెండవ పిల్ల హోంగ్‌ర్యోన్, అంటే ఎర్ర తామర. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే తల్లి చనిపోతుంది. వంశం నిలబడడానికి కొడుకు కావాలని తండ్రి హో వంశపు స్త్రీని పెళ్ళాడతాడు. ఆమెకు ముగ్గురు కొడుకులు పుడతారు. ఆమె కురూపి అనీ, దుర్మార్గురాలనీ కథ ముందే తీర్పు చెప్పేస్తుంది.

సవతితల్లి ఒక ఎలుకను చర్మం ఒలిచి, జాంగ్‌హ్వా పక్కలో దాచి, పెళ్ళికాని పిల్లకు గర్భస్రావం అయిందని భర్తకు చూపిస్తుంది. ఇంటి పరువు పోకుండా చడీచప్పుడు లేకుండా పిల్లను చెరువులో తోయించడమే మేలని సలహా ఇస్తుంది. తండ్రి సరేనంటాడు. అర్ధరాత్రి పిల్లను నిద్రలేపి, మేనమామ ఇంటికి వెళ్ళమని ఆజ్ఞాపించేదీ తండ్రే. సవతి తమ్ముడు ఆమెను చెరువులోకి తోస్తాడు. మరుక్షణమే ఒక పులి వచ్చి వాడి చెవులు, ఒక చెయ్యి, ఒక కాలు తెంచుకుపోతుంది. ఒక నీలిపిట్ట దారి చూపగా హోంగ్‌ర్యోన్ కూడా వచ్చి అదే నీళ్ళలో దూకుతుంది.

ఆ తరువాత ఆ ఊరికి వచ్చిన అధికారులు ఒకరి వెనుక ఒకరు చనిపోతుంటారు. న్యాయం కోరుతూ రాత్రివేళ వచ్చిన ఆడపిల్లల ఆత్మలను చూసి వారి గుండెలు ఆగిపోతాయి. చివరకు ధైర్యవంతుడైన ఒక అధికారి వచ్చి వారి మొర వింటాడు. పిండమని దాచిపెట్టిన దానిని కోయిస్తే కడుపులో ఎలుక పెంటికలు కనిపిస్తాయి. సవతితల్లిని ముక్కలుగా నరికే శిక్ష వేస్తారు. ఆమె కొడుకును ఉరి తీస్తారు. తండ్రిని మాత్రం ఏమీ తెలియనివాడని వదిలేస్తారు. వదలమని వేడుకునేవి కూతుళ్ళ ఆత్మలే. తండ్రి మూడవ పెళ్ళి చేసుకుంటాడు. కూతుళ్ళు కవలలుగా మళ్ళీ అతని ఇంట పుడతారు. కథ సుఖాంతం.

ఈ కథకు చారిత్రకమైన ఆధారం ఒకటి ఉంది. చోసన్ వంశానికి చెందిన హ్యోజోంగ్ రాజు (1649–1659) కాలంలో జోన్ దోంగ్-హుల్ అనే సైనికాధికారి చోల్సాన్‌కు పాలకుడుగా వెళ్ళి అక్కడ ఒక హత్యను విచారించాడని సంప్రదాయం. కథలోని ధైర్యవంతుడైన అధికారికి ఆయనే మూలమంటారు. ఆయన వారసులు 1865లో ఆయన జీవిత విశేషాలను గ్రంథంగా కూర్చినప్పుడు ఈ కథను చైనా లిపిలో అందులో చేర్చారు. సామాన్యులు చదువుకున్నది మాత్రం కొరియా లిపిలోని నవలలనే. పులి, నీలిపిట్ట, పునర్జన్మ అన్నీ ఆ నవలలలో వికసించినవే.

నన్ను ఆపినది నవలలో తండ్రి పలికే ఒక మాట. సవతితల్లి పిల్లలను సాధిస్తున్నదని గ్రహించి అతడు భార్యను మందలిస్తాడు. మనం ఒకప్పుడు పేదవాళ్ళం, నీవు ఇప్పుడు తింటున్నదంతా మొదటి భార్య తెచ్చిన సొమ్మే, కనుక ఆమె పిల్లలను ప్రేమగా చూసుకో అన్నది ఆ మందలింపు సారాంశం. మంచి మాటే చెప్పాననుకుంటాడు. కానీ ఆ ఇల్లు ఎవరిదో, అందులో రెండవ భార్య స్థానం ఏమిటో ఆ మాటతో తేలిపోయింది. చెప్పి తన గదికి తాను వెళ్ళిపోయాడు. ఎలుక చర్మం ఒలవడం దాని తరువాతి సంగతి.

భార్య తెచ్చిన సొమ్ము అన్న మాట ఊరికే వచ్చినది కాదు. చోసన్ రాజ్యపు ధర్మశాస్త్రం 1485లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం తల్లిదండ్రుల ఆస్తి కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా పంచాలి. పెళ్ళయిన స్త్రీ తన వాటాను వెంట తెచ్చుకునేది. అది ఆమె కన్నబిడ్డలకు చేరేది. పదిహేడవ శతాబ్దంలో ఈ పద్ధతి మారడం మొదలయింది. పితృకర్మలు చేసే పెద్దకొడుకుకే ఆస్తి అన్న కన్ఫ్యూషియన్ భావం బలపడింది. బూఆన్ ప్రాంతపు కిమ్ వంశంవారు 1669లో రాసుకున్న పత్రం ఒకటి మిగిలి ఉంది. కూతుళ్ళు పితృకర్మలలో పాలుపంచుకోరు కనుక వారికి మూడవ వంతు వాటా చాలునని అందులో నిర్ణయించుకున్నారు. చోల్సాన్ హత్య జరిగిందని చెప్పే కాలానికీ ఈ పత్రానికీ మధ్య గడిచినది ఇరవై ఏళ్ళ లోపే.

ఒకే ఇంట్లో రెండు ధర్మాలు తలపడ్డాయి. పాత ధర్మం ప్రకారం సొమ్ము తల్లిలేని ఆడపిల్లలది. కొత్త ధర్మం ప్రకారం ఇల్లు రెండవ భార్య కన్న కొడుకులది. ఆ తగవు తీర్చవలసిన వాడు ఇంటి యజమాని. అతడు తీర్చలేదు. సమాజమూ తీర్చలేదు. నేరమంతా ఒక కురూపి స్త్రీ స్వభావం మీద వేసి, ఆమెను నరికి, కథ చేతులు కడుక్కుంది. ఇది నా ఊహ మాత్రమే అనవచ్చు. కానీ తండ్రి మాటను కథలోంచి తీసేసి చూడండి, సవతితల్లి ద్వేషానికి కారణమే కనిపించదు.

ఇది కొరియాకే పరిమితమైన అలవాటూ కాదు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన "హాన్సెల్, గ్రెటెల్" కథలో పిల్లలను అడవిలో వదిలేద్దామన్నది కన్నతల్లి. 1840 నాటి ముద్రణకు ఆమె సవతితల్లి అయింది. తండ్రి రెండింటిలోనూ ఒప్పుకున్నవాడే. రెండింటిలోనూ చివరకు పిల్లలు తిరిగి చేరుకునేది అతని దగ్గరకే.

కొరియావారికి ఈ కథ మీద మమకారం ఎంతటిదంటే, వారి సినిమా చరిత్రలోనే దానికొక స్థానం ఉంది. జపాను పాలన కింద, 1924లో, సియోల్‌లోని దాన్‌సోంగ్‌సా థియేటరువారు దీనిని మూకీ చిత్రంగా తీశారు. పెట్టుబడి నుండి కెమెరా వరకు పూర్తిగా కొరియనులే నిర్మించిన తొలి చిత్రంగా దానిని లెక్కిస్తారు. ఆ తరువాత 1936లోనూ, 1956లోనూ, 1972లోనూ మళ్ళీ తీశారు.

2003 నాటి చిత్రం ఈ వరుసలోదే అయినా, కథను లోపలి నుండి తిరగేసింది. పేరులో ఉన్న జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్ చిత్రంలో ఎక్కడా కనిపించరు. అక్కాచెల్లెళ్ళ పేర్లు సూ-మీ, సూ-యోన్. ఆసుపత్రి నుండి ఊరి బయటి ఇంటికి తిరిగివచ్చిన సూ-మీకి అక్కడ సవతితల్లి ఉన్-జూ ఎదురవుతుంది. నీళ్ళు ఉన్నాయి, కానీ ఎవరూ వాటిలో మునగరు. పక్క మీద రక్తపు మరక ఉంది, కానీ అది నెలసరిది. చచ్చిన పిట్ట ఉంది, అది దారి చూపదు. పాత కథలోని వస్తువులన్నీ అలాగే ఉండి, వాటి అర్థాలు మాత్రం తప్పిపోయిన ఇల్లు అది.

చివరకు తెలిసేదేమిటంటే చెల్లెలు ఎప్పుడో చనిపోయింది. ఇన్నాళ్ళూ మనం చూసిన క్రూరురాలైన సవతితల్లి సూ-మీ మనసులో పుట్టినది. ఆ వేషం తానే వేసుకుని తిరుగుతున్నది. అసలు జరిగినది వేరు. తండ్రి మరొక స్త్రీని ఇంటికి తెచ్చాడు. జబ్బుతో ఉన్న తల్లి చెల్లెలి గదిలోని బీరువాలో ఉరి వేసుకుంది. తల్లిని లాగబోయిన చెల్లెలి మీద ఆ బీరువా పడింది. ఉన్-జూ వచ్చి చూసింది, వెనుదిరిగింది, మళ్ళీ ఆగింది. అంతలో ఎదురైన సూ-మీ ఆమెను కసిరింది. ఈ క్షణానికి నీవు పశ్చాత్తాపపడవచ్చునని ఉన్-జూ అన్నది. సూ-మీ వినకుండా ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం కాలంలో అందరి మీదా కొంత కొంత నేరం పడింది.

తండ్రి పాత్రను కిమ్ కాప్-సూ పోషించారు. చిత్రమంతా ఆయన దాదాపు మాట్లాడరు. మాత్రలు అందిస్తారు, ఫోను చేస్తారు, అలసిపోయినట్లు కూర్చుంటారు. మొదటిసారి చూసినప్పుడు పాపం మంచివాడనిపించింది. రెండవసారి ఆ మౌనమే భయపెట్టింది. పాత కథ విడుదల చేసి పంపిన తండ్రిని ఈ చిత్రం మళ్ళీ ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. శిక్షించలేదు, నిందించనూ లేదు. మనకు కనిపించేలా ఉంచింది, అంతే.

ఆ దేశపు చట్టమూ ఆ దశాబ్దాలలోనే మారుతూ వచ్చింది. వారసత్వంలో కూతుళ్ళకు సమాన వాటా, సవతితల్లిని చట్టరీత్యా తల్లిగా పరిగణించే పద్ధతి రద్దు, ఈ రెండూ 1991లో అమలులోకి వచ్చాయి. పురుషుడినే కుటుంబ యజమానిగా నమోదు చేసే విధానం రాజ్యాంగవిరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2005లో తీర్పు చెప్పింది. 2008 జనవరి 1 నుండి అది పోయింది. అందుకే ఈ చిత్రం వచ్చిందని నేననను. తండ్రి వైపు తిరిగి చూడగలిగిన కాలం మాత్రం అదే.

మన భాషలో "సవతితల్లి ప్రేమ" అన్న మాట నిత్యం వింటాం. కేంద్రం నిధులివ్వకపోయినా పత్రికలు అదే మాట రాస్తాయి. తండ్రి ఉదాసీనతకు అలాంటి జాతీయం ఏదైనా ఉందా అని చాలాసేపు వెతికాను. నాకు దొరకలేదు. మీకు తెలిస్తే చెప్పండి.

నాయనమ్మ పోయినప్పుడు పెదనాన్నే తలకొరివి పెట్టాడు. తన కన్నకొడుకులు ఇద్దరు పక్కనే ఉన్నా, పెద్దవాడే పెట్టాలని ఆమె ముందే చెప్పి ఉంచిందట. ఆ ఇంటిని, ఆ ముగ్గురు పిల్లలను ఎలా నెట్టుకొచ్చిందో, ఎవరి చూపులు ఎంతకాలం కాచుకుందో ఎవరూ ఆమెను అడగలేదు. తాతగారు మంచివారని మాత్రం ఊళ్ళో అందరూ అనేవారు.