కార్వాను వడ్రంగుల సాంచాలు

మన వృత్తిచరిత్రమును వ్రాయఁబూనినవారు సాధారణముగా విశ్వకర్మతో నారంభించి, మయుని మీఁదుగా, దేవాలయ రథములయొద్దకు వచ్చి యచట నాఁగుదురు. రథము మిగిలినది గనుక రథమును వర్ణింతురు. తలుపు మిగిలినది గనుక తలుపును వర్ణింతురు. ఆ తలుపు నాలుగు మూలలును వెలితిలేక యెట్లు కలిసినవి, ఆ చక్రపు ముక్కలన్నియు నొక్క కొలతకు నెట్లు వచ్చినవి యని యడుగువా రరుదు. దీనికి సమాధానము వడ్రంగి తన పనికొఱకుఁ దానే చేసికొను చిన్న చెక్కసాధనములలో నున్నది. వీనిని సాంచా యనియు, ఫర్మా యనియు, మాదిరిచెక్క యనియుఁ జెప్పుకొందురు. ఇవి యమ్మకమునకుఁ జేసినవి కావు. పని తీఱినపిమ్మట గోడకు వ్రేలాడును; పెద్దవాఁడు గతించినపిమ్మటఁ బొయ్యిలోనికిఁ బోవును. కార్వాను నాశ్రయించి వీనిని గూర్చి కొంత వ్రాయఁదలఁచితిని.

కార్వాను గోలకొండకోటకును మూసీమీఁది పురానాపూలునకును నడుమనున్న పేట. వర్తకుల బిడారులు దిగిన తావగుటచే నా పేరు వచ్చినది. సాహుకారులు కాపురముండుటచేఁ గార్వాన్ సాహు అనియు నందురు. పదునేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వర్తకుఁడు తావెర్నియే, వంతెనను జేరుటకు ముందు గొప్ప పేట యొకటి కలదనియు, అందు వర్తకులును, దళారులును, చేతిపనివారును వసించుచుండిరనియు వ్రాసెను. కార్వానుఁ జెప్పఁగానే మనవారికి వజ్రములు జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రసంగ మిక్కడఁ జాలింతము. వజ్రము మూటలో నిముడును గాని, ధాన్యమును బట్టలును బండిమీఁదనే రావలెను. బిడారు దిగినచోటఁ జక్రము బాగుచేయువాఁడు లేకున్నఁ దెల్లవాఱి ప్రయాణము సాఁగదు.

ఇచట నొక లెక్క చూపెదను. పండ్రెండాకుల చక్రమునకు, రెండేసి యాకుల కొకటి చొప్పున, అంచున నాఱు వంపుచెక్కలు గూర్పవలయును. వృత్తమునం దాఱవభాగమునకుఁ గట్టిన సూటిగీఁత వ్యాసార్ధముతో సమానము. కావున నొక త్రాటితో వృత్తము గీచి, ఆ త్రాటితోనే చుట్టును ఆఱుమాఱులు కొలిచిన సరిగా మొదటికి వచ్చును. రేఖాగణితము చదువని వడ్రంగియు దీని నెఱుఁగును. అయినను చిక్కంతయు వంపుచెక్కల కొనలయందున్నది. ఆఱు చెక్కలకుఁ గొనలు పండ్రెండు. ప్రతి కొనయును అర్ధాంశ మాత్రమే హెచ్చుగాఁ గోసితిమేని పండ్రెండు కలిసి యాఱంశలగును. అయిదడుగుల చక్రమున అంచుమీఁద నది మూఁడంగుళములకు మించిన వెలితి. అర్ధాంశమును కంటితోఁ బట్టఁగలవాఁ డెవఁడు? కావుననే పనివాఁడు మొదట నొక్క పలుచని చెక్కను వంపునకును గొనలకును సరిగాఁ దీర్చి, మిగిలినవానిని దానిమీఁద నుంచి గీయును. శ్రమయంతయు నా మొదటి చెక్కమీఁదనే. ఆకుకొన కుసియు, అది దిగు తొలియు నిట్లే మాదిరితో గీయఁబడును.

ఇదే తంత్రము ఱాతిపనియందును గలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూలునకు 22 కమానులు. కమానునకు నడిరాయి పడువఱకు దానిని క్రిందనుండి మోయునది యొకటి యుండితీఱవలెను. చెక్కచట్రమైనచో దానిని విప్పి తరువాతి కమానునకు నమర్పవచ్చును. ఱాయి నిలిచిన పిమ్మట చట్రము మాయమగును. కార్వానులో మూసాఖాను 1671లోఁ గట్టించిన టోలీమసీదు ముందరి యయిదు కమానులను జూచువారు ఱాతిపనివానిని మెచ్చుకొందురు, అది న్యాయమే. కాని కమానుల పనిలో వడ్రంగిచేయి పడిన తావులెల్ల నిట్లే కానరాకుండఁ బోవును.

ఇంటి కిటికీజాలీ మఱియొక యుదాహరణము. అడ్డపట్టీలును నిలువుపట్టీలును సగము మందము గాటుపెట్టి యొకదానిలో నొకటి దింపుట దీని పద్ధతి. గాట్లు సమదూరముననుండుటకు, పలకమీఁద నొక చిన్న మేకు నిలిపి, కోసిన గాటు దానిపై దించి, తరువాతి గాటు కోయుదురు. వేగముగా సాఁగును, కాని పొరపాటు కూడుచుఁ బోవును. గాటుగాటునకు అంగుళమున ముప్పదిరెండవ వంతు జరిగినచో, ఇరువది గాట్లు తిరుగునప్పటికి అరయంగుళము దాఁటును. అనుభవశాలి పట్టీలన్నిటిని జేర్చి కట్టి, ఒక్క గీఁతపట్టీనుండి గుఱుతులు తెచ్చి, అన్నిటికి నొక్కపర్యాయమే గాటుపెట్టును. అప్పుడు తప్పున్నను అన్నిటికి నొక్కటే తప్పు, జాలీ కూడును. గాటు వెడల్పునకుఁ గూడ నతఁడు కొలబద్ద నడుగఁడు, దానిలోఁ దిగఁబోవు పట్టీనే ప్రక్కనుంచి గీయును. చట్రపుమూలలకై నలువదియైదంశల కోఁతపెట్టెను జేసికొన్నవాఁడు రెండు ముక్కలు గోసి, కలిపి, మూలమట్టము పెట్టి చూచును. పెట్టెలోని దోష మచట రెట్టింపై కనఁబడును.

మూలమట్టమంటిని, కార్వానులో నడిగినచో గునియా యందురు. మన చిత్రిక వారికి రందా. బెజ్జము వేయునది బర్మా. ఉలి, బాడిస మాత్రము తెలుఁగువే. మన వడ్లవారి కొట్టములో సగము మాటలు పారసీకోర్దూలవి. ఈ విద్య మనయింటఁ బుట్టి మనయింటనే పెరిగినదని సభలలోఁ జెప్పుకొనుట వినుచున్నాము. పనిముట్ల పేరులు సాక్ష్యమిచ్చుటకు నిలిచినచో నా మాట నిలువదు. ముసల్మాను పనివారితోఁ బ్రక్కప్రక్కనే పని చేయక యీ మాటలు మన నోళ్లలోనికి రావు. ఇందు మనకుఁ గొఱఁత లేదు. సాంచా యను మాటనే చూడుఁడు. 1795లో ఫ్రెంచి సేనాని రేమాన్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానాకు తోప్‌కా సాంచా యని పేరు. సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలనియే యందురు. అచ్చునుండి యంత్రమువఱకు నా మాట ప్రాఁకినది.

సాంచా పనివాని కన్నును జెఱచునని కొందఱు పెద్దలు దీనిని నిరసింతురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయమునందు బ్రూనెల్ కల్పనచేయఁగా మాడ్‌స్లే నిర్మించిన యంత్రములు 1808 నాఁటికి ఏఁటికి 1,30,000 ఓడకప్పీలను జేయుచుండెను. 110 మంది నేర్పరుల పనిని, నేర్పులేని పదిమంది చేసిరి. కొలతయంతయు యంత్రములోనికిఁ బోయినది, చేయి రిక్తమైనది. అయితే దోషము సాంచాదా? గోడకు వ్రేలాడు మాదిరిచెక్క దానిని జేసినవానిదే. దానిని మార్చఁగలవాఁడు నతఁడే. కార్ఖానాలో సాంచా యజమానునిది, పనివాఁడు దాని కందిచ్చువాఁడు. లాలాగూడ రైల్వే కార్ఖానా 1893లో నేర్పడెను. అట్టిచోట్లఁ జేరిన వడ్రంగులకుఁ గూలి నిలుకడపడినది గాని మాదిరి చేతనుండి జాఱినది. నేఁడు కంప్యూటరుచే నడుచు కోఁతయంత్రము జాలీలను నిమిషములలోఁ గోయుచున్నది. దాని సాంచా చెక్కకాదు, లెక్క. ఆ లెక్కను దానే గీయనేర్చిన వడ్రంగి వడ్రంగిగానే మిగులును. తెచ్చిన గీఁతకు మీట నొక్కువాఁడు పోర్ట్స్‌మత్ పదిమందిలో నొకఁడగును. యువకులు దీని నాలోచింపవలెను.

పాత సాంచాల విలువ యింకొకటి కలదు. దేశమందు గజము పోయి అడుగు వచ్చెను. 1956 చట్టముచే మీటరు వచ్చెను. కాగితముమీఁది కొలత లన్నియు మార్చుకోవలసి వచ్చినవి. గోడకున్న చెక్క మాఱలేదు, దానిమీఁద నంకెయే లేదు గనుక. తాత యుంచిన వంపుచెక్కను గొలిచినచో తాతనాఁటి చక్రము లభించును. కఱ్ఱచక్రమునకు మాఱుగా రబ్బరుచక్రము వచ్చిన తరువాత నట్టి చెక్కలకు నేఁడు పనిలేదు. కనుకనే త్వరగా నశించుచున్నవి. మన యిండ్లలో నిట్టివి మిగిలియున్నచో, కాగితముపై నుంచి చుట్టును గీచి, ఏ పనికో, ఎవరు చేసిరో, ఏ కఱ్ఱయో వెనుకవైపున వ్రాసి యుంచుఁడు. ప్రక్కనే యొక అడుగు కొలబద్దనుగూడ గీయుట మఱవకుఁడు, కాగితము ముడుఁగును.