గరగర దాటి వచ్చిన గొంతు

బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డు పక్కన మీడియం వేవ్ రేడియో పెట్టి చూడండి. వెల్డింగ్ రాడ్ అంటుకోగానే గరగర మొదలవుతుంది. పెట్రోలు బండి స్టార్ట్ చేస్తే టకటకలు వినిపిస్తాయి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అవి జోరందుకుంటాయి. డీజిల్ లారీకి స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి ఆ పాపం దానిది కాదు.

నిజానికి ఆ నిప్పురవ్వ రేడియోకు పుట్టింటి చుట్టమే. 1880ల చివర్లో హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించింది రవ్వతోనే. మార్కోనీ పంపిన తొలి సంకేతాలూ రవ్వలవే. రవ్వ ఒక ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉండదు, బ్యాండంతా పరుచుకుంటుంది. ఇద్దరు ఒకేసారి పంపితే అందుకునేవాడికి ఎవరి మాటా తెలిసేది కాదు. ఆలివర్ లాడ్జ్ 1897లో, మార్కోనీ 1900లో ట్యూనింగ్ పేటెంట్లకు దరఖాస్తు చేసింది అందుకే.

అసలు గట్టెక్కించినవాడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1918లో ఆయన కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ పద్ధతే, నా దృష్టిలో, ఈ చరిత్ర మొత్తంలో అందమైన ఆలోచన. 1948లో మొదలైన మన విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ముల్లు అక్కడికి తిప్పితే సెట్టులో సొంత తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ 1292 దగ్గర పలుకుతుంది. రెంటినీ కలిపితే పుట్టే తేడా 455. విశాఖ 927కు తిప్పినా, హైదరాబాద్ 738కి తిప్పినా ఆ తేడా మారదు. అంటే ఏ స్టేషనైనా లోపల 455గా మారుతుంది, వడపోతను ఆ ఒక్కచోట గట్టిగా చేస్తే చాలు. తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంలో ఉండే పక్క చానళ్లు 828, 846 బయటే ఆగిపోతాయి. పాత ట్రాన్సిస్టర్ విప్పితే పసుపు, తెలుపు, నలుపు తలల చిన్న రేకు డబ్బీలు కనిపిస్తాయి. ఆ వడపోత చేసే ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) కాయిల్స్ అవే. మెకానిక్ వాటిని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పుతాడు. ఇనుముది పెడితే ట్యూనింగే పక్కకు జరిగిపోతుంది మరి.

అయినా రవ్వ రొద ఆగలేదు. అది 837లోనూ వాటా పెట్టుకుని వస్తుంది కాబట్టి వడపోతకు చిక్కదు. దాన్ని పుట్టినచోటే నొక్కాలి. ఎన్‌జీకే కంపెనీ స్పార్క్ ప్లగ్గు నంబరులో ‘ఆర్’ అక్షరం ఉంటే లోపల ఆ రొదను నొక్కే రెసిస్టర్ ఉన్నట్టు. మరో దారి ఎఫ్ఎం. దీనికీ ఆర్మ్‌స్ట్రాంగే 1933లో పేటెంట్లు పొందాడు. రవ్వ ముఖ్యంగా తరంగం ఎత్తును చెడగొడుతుంది, ఎఫ్ఎం పాటను ఫ్రీక్వెన్సీ మార్పులో దాస్తుంది. పైకి లేచిన ఎత్తును రిసీవర్ కత్తిరించేస్తుంది.

ఇప్పుడు షెడ్డు షెడ్డుకీ వైఫై. మన దేశంలో 2005 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో దానికి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి పక్కవాణ్ణి తప్పుకోమనే హక్కూ ఎవరికీ లేదు. అక్కడ ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. అందుకే రౌటర్ పంపేముందు చెవి ఒగ్గి వింటుంది, ఎవరైనా పంపుతుంటే కాసేపు ఆగుతుంది. బ్లూటూత్ తీరు వేరు. 79 చానళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. 2003 నుంచి దానికి ఇంకో తెలివి వచ్చింది, వైఫై ఆక్రమించిన చానళ్లను గుర్తుపట్టి వాటిని వదిలేసి మిగతావాటి మీదే గెంతుతోంది.