ఒక సీటు, రెండు కౌంటర్లు: గౌలిగూడ నుంచి డేటాబేస్ చరిత్ర

హైదరాబాదు డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు చదివిన చాలామందికి డేటాబేస్ ల్యాబులో మొదట పరిచయమైంది స్కాట్, టైగర్. నేర్చుకునేవాళ్ల కోసం ఒరాకిల్‌లో పెట్టిన ఖాతా పేరు స్కాట్, దాని పాస్‌వర్డు టైగర్. ఆ సంస్థ తొలినాటి ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరూ, ఆయన ఇంటి పిల్లి పేరూ అలా ప్రపంచమంతా తిరిగాయి. ఖాతా తెరిస్తే కింగ్, బ్లేక్, ఫోర్డ్ అనే ఉద్యోగులు, డల్లాస్, షికాగో, బోస్టన్ అనే ఊళ్లు కనిపిస్తాయి. సి.జె. డేట్ రాసిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకం తీస్తే లండన్‌లో స్మిత్, పారిస్‌లో జోన్స్ సరుకులు సరఫరా చేస్తుంటారు. కోఠి మహిళా కళాశాలలోనో, జాంబాగ్ వివేకవర్ధినిలోనో బెంచీ మీద కూర్చున్న పిల్లకు డల్లాస్ డిపార్టుమెంటుతో ఏం పని? మొదటి నార్మల్ ఫారం, రెండోది, మూడోది అని వరసగా బట్టీపట్టి పరీక్ష రాసేస్తుంది. ప్రతి నిర్వచనం వెనకా ఎవరికో ఎదురైన చిక్కు ఒకటి ఉందని ఆమెకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ చిక్కుల్లో చాలావాటిని గౌలిగూడలోనూ దాని చుట్టుపక్కలా చూపించవచ్చు. అసలు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

కంప్యూటర్ కంటే ముందు వెతుకులాట ఉంది. సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్న ఆసఫియా 1891 నాటిది. ఏ గ్రంథాలయంలోనైనా పుస్తకం ఉండేది ఒక్క అరలోనే. వెతికేవాళ్లలో మాత్రం ఒకరికి రచయిత పేరు తెలుసు, ఒకరికి పుస్తకం పేరు గుర్తుంది, ఇంకొకరికి విషయం ఒక్కటే తెలుసు. అందుకే ఒక పుస్తకానికి మూడు రకాల కార్డులు రాసి పెట్టేవారు. చోటు ఒకటే, అక్కడికి దారులు మూడు. ఇండెక్స్ అనే అధ్యాయం సారమంతా ఇందులోనే ఉంది.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన ఇళ్ల కాగితాల్లో దొరుకుతుంది. నేటికీ అమల్లో ఉన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలోకి వచ్చిన వరసలో ఎక్కుతాయి. ఆ వరసలో వెతకడం ఎవరి తరమూ కాదు కనుక చట్టమే ఇండెక్సులు పెట్టమంది. ఒకటో ఇండెక్సులో రాసిచ్చినవాళ్ల పేర్లు, రాయించుకున్నవాళ్ల పేర్లు. రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు. పేరు పట్టుకుని వచ్చినవాడికి ఒక దారి, సర్వే నంబరు పట్టుకుని వచ్చినవాడికి మరో దారి. అంటే ఒక్క దస్తావేజు కోసం గుమాస్తా మూడుచోట్ల రాయాల్సి వచ్చేది. వాటిలో ఒకటి మరిచిపోతే? దస్తావేజు పుస్తకంలో భద్రంగానే ఉంటుంది, ఇండెక్సులో కనిపించదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినవాడికి ఆస్తి మీద ఏ లావాదేవీ లేదనే తేలుతుంది. ఒకే సమాచారాన్ని పలుచోట్ల ఉంచితే వెతకడం తేలికవుతుంది, పొంతన నిలబెట్టడం కష్టమవుతుంది. డేటాబేస్ శాస్త్రం ఈ రెండింటి మధ్య రాజీ కోసం ఇప్పటికీ పెనుగులాడుతూనే ఉంది.

యంత్రాలు వచ్చిన మొదట్లో ఈ కష్టం తీరకపోగా పెరిగింది. 1950లలో సమాచారం అయస్కాంత టేపుల మీదికి చేరింది. జీతాల ప్రోగ్రాముకు ఒక ఫైలు, పీఎఫ్ ప్రోగ్రాముకు ఇంకో ఫైలు, రెండింటిలోనూ అదే ఉద్యోగి చిరునామా. ఇల్లు మారిన ఉద్యోగి ఒకచోట కొత్త ఇంట్లో, మరోచోట పాత ఇంట్లో ఉండిపోయేవాడు. ఫైళ్లను ప్రోగ్రాముల చేతిలోంచి తీసి అందరికీ ఉమ్మడిగా ఒకచోట పెట్టాలన్న ఆలోచనకు 1960లలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చార్లెస్ బాక్‌మన్ రూపమిచ్చారు. చంద్రుడి మీదికి మనిషిని పంపే అపోలో కార్యక్రమంలో లెక్కలేనన్ని విడిభాగాల జాబితాలు సర్దడానికి ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ 1968లో పనిలోకి దిగింది. ఐఎంఎస్‌లో సమాచారం కొమ్మలు చాచిన చెట్టు ఆకారంలో ఉంటుంది. బాక్‌మన్ పద్ధతిలో గొలుసులు ఉంటాయి, ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు లంకెలు. రెండింటిలోనూ ప్రోగ్రామర్‌కు దారి తెలిసి ఉండాలి. 1973లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న బాక్‌మన్ తన ప్రసంగంలో ప్రోగ్రామర్‌ను దారి కనిపెట్టే నావికుడిగానే చూశారు.

ఆ నావికుడి అవసరమే లేదన్న మనిషి ఎడ్గర్ కాడ్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్, చదివింది గణితం, ఉద్యోగం ఐబీఎం శాన్‌హోజే పరిశోధనశాలలో. 1970 జూన్‌లో అచ్చయిన ఆయన వ్యాసం చెప్పింది వినడానికి చాలా మామూలు సంగతి: సమాచారాన్ని పట్టికలుగా చూడండి, ఏం కావాలో చెప్పండి, ఎలా తేవాలన్నది యంత్రానికి వదిలేయండి. దాని పునాది సమితి సిద్ధాంతం. మన ఎంపీసీఎస్ విద్యార్థి పొద్దున లెక్కల క్లాసులో సమితులు, సంబంధాలు చదువుతుంది, మధ్యాహ్నం కంప్యూటర్ క్లాసులో పట్టికలు చదువుతుంది. రెండూ ఒకటేనని చెప్పే అయ్యవారు దొరికితే ఆ పిల్ల అదృష్టం. 1974లో ఒక సదస్సులో కాడ్ పక్షానికీ బాక్‌మన్ పక్షానికీ ముఖాముఖి వాదం జరిగింది. ఐబీఎంకు అప్పటికే ఐఎంఎస్ మీద మంచి వ్యాపారం ఉంది కనుక సొంత ఇంట్లో పుట్టిన ఈ ఆలోచనను సరుకుగా మార్చడానికి ఆ సంస్థ తొందరపడలేదు. తరవాత ఒరాకిల్ అని పేరు మార్చుకున్న చిన్న సంస్థ 1979లో ముందుగా అమ్మకానికి పెట్టింది.

నార్మల్ ఫారాలు కాడ్ పట్టికల ఆలోచనలోంచే పుట్టాయి. ఆర్టీసీ టికెట్ల పట్టిక ఒకటి ఊహించుకోండి: ప్రతి వరసలో ప్రయాణికుడి పేరు, సర్వీసు నంబరు, డిపో పేరు, డిపో ఫోను నంబరు. డిపో ఫోను మారితే వేల వరసలు దిద్దాలి, ఒక్కటి వదిలినా ఒకే డిపోకు రెండు నంబర్లు. కొత్త డిపో తెరిచారు, ఇంకా టికెట్ తెగలేదు, దాని పేరు రాసుకోవడానికి చోటే లేదు. ఏదో డిపోకు ఉన్న ఒకే ఒక్క టికెట్ రద్దయితే టికెట్‌తోపాటు డిపో కూడా మాయమవుతుంది. డిపో సంగతి డిపో పట్టికలో, టికెట్ సంగతి టికెట్ పట్టికలో ఉంచితే మూడు చిక్కులూ ఒక్కసారే విడిపోతాయి. కాడ్ 1971లో చెప్పిన మూడో నార్మల్ ఫారం చేసే పని ఇదే. దాన్ని ఇంకా బిగించిన బాయ్స్-కాడ్ నార్మల్ ఫారం 1974 నాటిది. ఆ బాయ్స్ పూర్తి పేరు రేమండ్ బాయ్స్. డోనల్డ్ చాంబర్లిన్‌తో కలిసి, తరవాత ఎస్‌క్యూఎల్‌గా మారిన సీక్వెల్ భాషను రూపొందించిన ఆయన, అదే 1974లో ముప్పై ఏళ్లు కూడా నిండకుండా హఠాత్తుగా చనిపోయారు. పరీక్షలో ఆ పేరు రాసే పిల్లలకు ఈ ఒక్క వాక్యమైనా చెప్పాలి.

ఇక గౌలిగూడ. నిజాం ప్రభుత్వ రైల్వేలో భాగంగా 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ నుంచే నేటి ఆర్టీసీలు వచ్చాయి. విమానాల హ్యాంగర్‌గా చెప్పుకునే గౌలిగూడలోని పెద్ద ఇనుప షెడ్డు దశాబ్దాలపాటు నగరానికి ప్రధాన బస్టాండు. 1994లో దూరప్రాంతాల బస్సులు పక్కనే ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు మారాయి. పాత షెడ్డు 2018 జులైలో కూలిపోయింది. ఆ షెడ్డు కింద సంక్రాంతి ముందు రద్దీని తలుచుకుంటే డేటాబేస్‌లో అన్నిటికంటే లోతైన అధ్యాయం అర్థమవుతుంది.

సీట్ల చార్టు ఒకటే, కౌంటరు ఒకటే అయితే చిక్కు లేదు. గౌలిగూడలో ఒక కౌంటరు, జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఒక కౌంటరు ఉండి, విజయవాడ బస్సులో కిటికీ పక్క సీటు ఒక్కటే మిగిలిందనుకోండి. ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో చూస్తారు, ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరూ టికెట్ ఇచ్చేస్తారు. ఎవరూ తప్పు చేయలేదు, అయినా తప్పు జరిగిపోయింది. కాగితాల కాలంలో దీనికి విరుగుడు కోటా: నీకిన్ని సీట్లు, నాకిన్ని. అప్పుడు ఒకచోట సీట్లు మిగిలిపోతాయి, మరోచోట జనం నిలబడిపోతారు. 1976లో ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ కలిసి రాసిన వ్యాసం అసలు మందు చెప్పింది: చూసేముందే తాళం వేయాలి, ఒక తాళం తీయడం మొదలుపెట్టాక కొత్తది వేయకూడదు. ఈ చిన్న నియమం పాటిస్తే ఎందరు ఒకేసారి పనిచేసినా, ఒకరి తరవాత ఒకరు చేసినట్టే ఫలితం వస్తుంది. దీనితోపాటు, డబ్బు తీసుకుని సీటు రాసేలోపు కరెంటు పోతే మొత్తం జరిగినట్టో, అసలేమీ జరగనట్టో తేలాలి, సగంలో ఆగకూడదు. జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది ఈ కృషికే. చాలా పాఠ్యపుస్తకాల్లో ట్రాన్సాక్షన్ అనే ఈ అంశం చివరి అధ్యాయాల్లో ఉంటుంది, సెమిస్టరు ముగిసే తొందరలో దాటిపోతుంది. నా మట్టుకు అది మొదటి వారంలోనే చెప్పాల్సిన పాఠం.

రైల్వేకు ఇదే సమస్య దేశమంతటి కొలతలో ఎదురైంది. ఢిల్లీలో 1985-86లో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ మెల్లగా పెద్ద నగరాలకు పాకింది, కాని ఏ కేంద్రం డేటా దానిదే. ఆ గోడలు తీయడానికి రూపొందించిన కాన్సర్ట్ వ్యవస్థను 1994లో ముందుగా పెట్టింది సికింద్రాబాదులో. 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదూ ఒకటయ్యాయి. డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు.

హైదరాబాదులో కంప్యూటర్ల తయారీ చరిత్ర ఇంకా పాతది, 1967లో ఎ.ఎస్. రావు సారథ్యంలో ఈసీఐఎల్ వచ్చింది. కాని డేటాబేస్ మామూలు జనం బతుకుల్లోకి వచ్చింది 1998లో. ఆ నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది, అందరికీ గుర్తున్నది అదే. అంతకు 18 రోజుల ముందు, నవంబరు 4న, ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ రూపకల్పన చేసిన, రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి తెచ్చే కార్డ్ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో మొదలైంది. నకళ్లు చేత్తో రాసే పని పోయింది. గుమాస్తా పాత ఇండెక్సులు తిరగేసి రోజుల తరబడి తీసే ఈసీ నిమిషాల పనైంది. అందుకోసం వెనకటి పదిహేనేళ్ల ఇండెక్సులను కూర్చుని ఎక్కించారు. ఇప్పటికీ తెలంగాణలో ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే దొరుకుతుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్లాలి. డేటాబేస్‌కు ఒక పుట్టినతేదీ ఉంటుందని, దానికి ముందు కాలం అందులో ఉండదని చూపించడానికి ఆ తేదీ చాలు.

కార్డ్ ఒక శాఖది. భూమి అమ్మిన సంగతి రిజిస్ట్రేషన్ శాఖ డేటాలోకి చేరేది, పట్టా మార్పిడి మాత్రం రెవెన్యూ వాళ్ల పహాణీలో వేరుగా జరగాలి. ఆ రెండింటి మధ్య నెలలు గడిచేవి, ఆ సందులో అదే భూమిని మళ్లీ అమ్మినవాళ్లు ఉన్నారు. 2020 అక్టోబరు 29న తెలంగాణలో వచ్చిన ధరణి పోర్టల్ వ్యవసాయ భూముల విషయంలో ఈ రెండింటినీ తహసీల్దారు ఆఫీసులో ఒకే పనిగా కలిపింది: రిజిస్ట్రేషన్ జరిగితే మ్యుటేషన్, అంటే పట్టా మార్పిడి, కూడా అప్పుడే జరుగుతుంది. మొత్తం జరగాలి, లేదా ఏమీ జరగకూడదన్న జిమ్ గ్రే సూత్రం ఊరి రైతు దాకా వచ్చింది. కాని అంతకుముందే తప్పుగా ఎక్కిన పేర్లు, తగ్గిన గుంటలు అలాగే లోపల ఉండిపోయాయి, వాటిని దిద్దించుకోలేక రైతులు పడ్డ పాట్లు అందరికీ తెలుసు. సర్వే నంబరు గడిలో అక్షరాలు పడకుండా డేటాబేస్ ఆపగలదు. ఆ నంబరు ఎవరి చెలక అన్నది దానికి తెలియదు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో అప్పీళ్లకు మళ్లీ చోటు ఇవ్వాల్సి వచ్చింది అందుకే.

దిద్దడం ఎలా అన్నది కూడా పాఠమే. రిజిస్టరైన దస్తావేజులో హద్దు తప్పు పడితే దాన్ని ఎవరూ చెరిపెయ్యరు, సవరణ దస్తావేజు అని ఇంకొకటి రాసి రిజిస్టరు చేస్తారు. డేటాబేస్ లోపల ప్రతి మార్పునూ వరసగా రాసుకునే లాగ్ పద్ధతీ ఇదే. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో చేరిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ అనే పద్ధతిలో, చేసిన మార్పును వెనక్కి తీసుకున్నా ఆ వెనక్కి తీసుకోవడం కూడా లాగ్‌లో కొత్త పద్దుగానే చేరుతుంది, పాత పద్దు చెరగదు. సవరణ జరిగిన ఆస్తికి ఈసీ తీసి చూడండి: మొదటి దస్తావేజు నంబరు ఒక వరసలో, సవరణ దస్తావేజు నంబరు మరో వరసలో, రెండూ ఉంటాయి.