ప్రఖ్యాత కళాశాలయు జీవితాభ్యుదయమును



ప్రతిసంవత్సరము పరీక్షాఫలితములు వెలువడగానే మన యిండ్లలో నొకే ప్రశ్న వినవచ్చుచుండును: "మాస్టరుగారూ, పేరుగల కాలేజీలో చేర్చిననే గాని మావాడు వృద్ధిలోనికి రాడా?" పొలము తాకట్టు పెట్టియైనను బిడ్డను దూరమునకు పంపవలెనని తహతహపడు తండ్రులను ముప్పదియైదేండ్ల ఉపాధ్యాయజీవితములో నేనెందరినో చూచితిని. మన సంఘపు విద్యానిధిని ఎవరికి వినియోగింపవలెనను చర్చయు తుదకు ఈ ప్రశ్ననే ఆశ్రయించియున్నది. కావున ఈ విషయమున మన గోదావరీమండల చరిత్ర యేమి చెప్పుచున్నదో యథామతిగా విన్నవించుకొనుచున్నాను.

కార్యకారణసంబంధమును నిర్ణయించుటకు తార్కికులు అన్వయవ్యతిరేకములను పరీక్షింతురు. అది యున్నచోట నిది యుండవలెను, లేనిచోట లేకుండవలెను. అంతటితో తృప్తినొందక ఉపాధిని గూడ వెదకుదురు. నిప్పున్నంతమాత్రమున పొగ పుట్టదు. తడికట్టె చేరిననే పుట్టును. కళాశాల పేరు నిప్పు వంటిదైనచో, తడికట్టె యెద్దియో మనము విచారింపవలెను.

చెన్నపురి విశ్వవిద్యాలయము 1857లో నేర్పడెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలయువరకు కాకినాడ, రాజమహేంద్రవరము, విజయనగరములందలి విద్యార్థులును, చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థులును ఆ యొక్క విశ్వవిద్యాలయపు పట్టములకే చదివిరి. పట్టమొక్కటియే, కళాశాల పేరు మాత్రమే వేరు. అయినను చెన్నపురిలో చదివినవారికి గ్రంథాలయములు, పత్రికలు, న్యాయస్థానములు, పెద్దల పరిచయములు చేరువలో నుండెడివి. పేరునకు గల విలువలో అధికభాగము ఈ సాన్నిధ్యమే.

మొదట వ్యతిరేకమును చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారు. ఏ కళాశాలలోను విద్యార్థిగా నుండలేదు. మన కోరంగిలోను, ధవళేశ్వరములోను బడిపంతులుగా పనిచేసిరి. అట్టి మహనీయుడు రాజమహేంద్రవర కళాశాలలోను, తరువాత చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలోను ఆంధ్రపండితులైరి. ఏ గడపను విద్యార్థిగా తొక్కలేదో ఆ గడపను గురువుగా దాటిరి. కావున పేరుగల కళాశాల లేనిచో అభ్యుదయము లేదనుట పొసగదు.

ఇక అన్వయము. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరు దొరగారి శిష్యులు. ఆ విద్యాఫలమును వారు తమయొద్దనే దాచుకొనలేదు. 1884లో వెలసిన మన పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, 1919 వరకు దానిని తీర్చిదిద్దిరి. స్త్రీలకును ప్రవేశము కలిగించిరి. పిఠాపుర మహారాజావారి యౌదార్యముతో అనాథలకును, అస్పృశ్యతాపీడితులకును ఆశ్రయము కల్పించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఇచ్చటి విద్యార్థులే. 1925లో నాయుడుగారు చెన్నపురి విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి. కళాశాల పేరు శాసనముచే వచ్చునది కాదనియు, గురువుచే వచ్చుననియు దీనివలన తెలియుచున్నది.

మూడవ యుదాహరణము మిగుల నాలోచింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పి, మూడవసారి చెన్నపురి హిందూ ఉన్నతపాఠశాలనుండి కృతార్థులైరి. ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్యకళాశాలలోను చదివియు, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. వారి అమెరికా ప్రయాణమునకు మామగారు సమకూర్చిన ధనముతోపాటు మన కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థ వాగ్దానము చేసిన సహాయమును తోడ్పడెను. హార్వర్డులో 1930లో డాక్టరు పట్టము వచ్చినను స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరి, ఫోలికామ్లము, ఆరియోమైసిను మున్నగు ఔషధముల పరిశోధనలను నడిపి లోకోపకారులైరి. ఇందు హార్వర్డు ప్రయోగశాల ద్వారము తెరచినమాట నిజమే. కాని ఆ ద్వారమువరకు నడిపించినది స్వకీయమైన పట్టుదలయు, ఒక ధర్మనిధియును!

అమెరికాలో స్టేసీ డేల్, ఆలన్ క్రూగరు అను పండితులు 2002లో ప్రకటించిన పరిశోధన ఈ యభిప్రాయమునకే బలము చేకూర్చుచున్నది. సమానమైన కళాశాలలలో ప్రవేశము లభించియు, కొందరు ప్రఖ్యాతమైనదానిలోను, కొందరు సామాన్యమైనదానిలోను చేరిరి. వారి తరువాతి సంపాదనలను పోల్చిచూడగా, మొత్తముమీద భేదము మిక్కిలి స్వల్పమని తేలెను. అనగా యోగ్యతయు, ఉత్సాహమును ముందే యున్నవన్నమాట. అవియే మనము వెదకిన తడికట్టె. కాని పేదకుటుంబముల బిడ్డలకు మాత్రము ప్రఖ్యాత కళాశాల వలన నిజమైన లాభము కనబడెను. ఇంట లేని పరిచయములు, మార్గదర్శనము వారికి అచ్చటనే లభించుట కారణమై యుండును.

ఇందుండి మన కర్తవ్యము తేటపడుచున్నది. కలిగినవారి బిడ్డ ఏ కళాశాలలో చదివినను తన శక్తికొలది పైకి వచ్చును; వానికై పొలము తాకట్టు పెట్టనక్కరలేదు. ఇంట మొదటిసారిగా చదువుకొనుచున్న పేదబాలునకు, బాలికకు మాత్రము పేరుగల కళాశాల ద్వారము చేరుటకు మన నిధి తోడుపడవలెను. సుబ్బారావుగారికి నాడు కాకినాడ చేయూతనిచ్చినది. నేడు అట్టి చేయి మనదిగా నుండుగాక!

శుభమ్.