చందైనీ: ఒక ప్రేమగాథ పేరు మారిన వైనం

గొల్లల కులగాథగా ఉత్తరదేశమున ప్రసిద్ధికెక్కిన లోరిక్ కథకు భోజపురీ, అవధీ సీమలలో ‘లోరికీ’, ‘లోరికాయన్’ అని పేర్లు. రాయపూరు ప్రాంతములో అదే కథను ‘చందైనీ’ అంటారు. నాయకుని పేరు తొలగి నాయిక పేరు నిలిచినది. ఈ గాథ ఇన్ని శతాబ్దులు జనుల నాలుకలపై ఎట్లు నిలిచినదో తెలియగోరువారు ముందుగా ఈ పేరు మార్పును గమనింపవలెను.

కథ పెద్దది కాదు. చందా రాజపుత్రి. ఆమె భర్త బావన్ సంసారానికి పనికిరానివాడు. పుట్టింటికి మరలివచ్చే దారిలో బఠువా అనే దుండగీడు ఆమె వెంటబడగా లోరిక్ అనే గొల్లవీరుడు కాపాడినాడు. లోరిక్‌కు మంజరి అనే ఇల్లాలు ఉన్నది. అయినను వారిద్దరు ఊరు విడిచి హర్దీగఢ్‌కు పోయినారు. రాయపూరుకు తూర్పుననున్న ఆరంగు, దాని చేరువనున్న రీవాఁ ఈ కథ జరిగిన తావులని స్థానికుల నమ్మకం. చరిత్రకారునికి అది చాలదు గాని, శ్రోతకు చాలును.

గంగాతీరపు పాఠములలో యుద్ధములు హెచ్చు; కులప్రతిష్ఠ ప్రధానం. ఛత్తీస్‌గఢీ పాఠములో కత్తికి పని తక్కువ. మనసుపడునది చందా, ఉపాయము చెప్పునది చందా. లోరిక్ జంకుతాడు, ఆమె ముందడుగు వేస్తుంది. 1946లో వెర్రియర్ ఎల్విన్ తన ఛత్తీస్‌గఢ్ జానపదగేయ సంపుటిలో ఈ కథకు చోటిచ్చినాడు. 1996లో వెలువడిన గ్రంథములో జాయిస్ ఫ్లూకిగర్ ఈ ప్రాంతభేదమును విపులముగా చర్చించినది. రావుతులు వాద్యము లేకుండ పాడుకొన్న ఈ పాటను తరువాత సత్నామీ గాయకులు చేపట్టి, హార్మోనియం, తబలా చేర్చినారు. మన బుర్రకథలో వంతవలె ఇందులో ‘రాగీ’ ఊతమిస్తాడు. ‘నాచా’ ప్రదర్శనలో మగవారే చందా వేషం కట్టడం ఆచారం. ఒక కులపు సొత్తు ఇట్లు సీమ అంతటి సొత్తు అయినది.

మన కాటమరాజు కథయు గొల్లలదే. పుల్లరి తగవు పెరిగి నల్లసిద్ధితో మహాయుద్ధముగా ముగిసినది. సుద్దులవారు నేటికిని ఆ పౌరుషమునే పాడుదురు. పశువుల కాపరుల కథలు వీరగాథలు కావడమే వాడుక. అట్టి కథ రాయపూరు సీమలో ప్రేమగాథ అయినదంటే, అక్కడి శ్రోతలు కోరినది వేరు.

చదువుకొన్న కవులు ఈ కథను వదలిపెట్టలేదు. 1379లో డల్‌మవూలో మౌలానా దావూద్ ‘చందాయన్’ వ్రాసి, చందాను సూఫీ సాధకుని గమ్యముగా భావించినాడు. ఢిల్లీలో ఒక మతబోధకుడు ఆ కావ్యభాగములను వేదికపై చదివేవాడని బదాయూనీ చెప్పినాడు. ప్రేమకథను మసీదులో వినిపించినవాని రసికత మెచ్చదగినది! పదునేడవ శతాబ్దిలో అరకాను ఆస్థానమున దౌలత్ కాజీ వంగభాషలో ఆరంభించిన ‘సతీమైనా’ను 1659లో ఆలావోల్ పూర్తిచేసినాడు. తెలుగు పాఠకునికి మరింత దగ్గరి సంగతి: గోలకొండలో అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానకవి గవ్వాసీ దక్కనీలో ‘మైనా సత్వంతీ’ రచించినాడు. మైనా అనగా మంజరియే. మగడు చందాతో వెళ్ళిపోగా, కుట్టెనికత్తె ప్రలోభములకు లొంగక నిలిచిన ఇల్లాలి కథ అది.

నా దృష్టిలో ఈ మహాకవులందరు కథలో సగమే పుచ్చుకొన్నారు. దావూద్‌కు చందా కావలెను. గవ్వాసీకి మైనా కావలెను. ఒకరు సౌందర్యమును పరమార్థముగా, మరొకరు పాతివ్రత్యమును ఆదర్శముగా దిద్దుకొన్నారు. ఇద్దరు స్త్రీలను ఒకే రాత్రి ఒకే అరుగుపై నిలిపినవాడు పల్లెగాయకుడు. చందా గోడదాటునపుడు నవ్విన సభయే మంజరి ఒంటరితనానికి నిట్టూర్చును. ఎవరిది న్యాయమో గాయకుడు తేల్చడు. గాథ ఆయువుపట్టు ఇదియేనని నేననుకొంటాను. తీర్పు చెప్పిన కావ్యములు గ్రంథాలయములలో ఉన్నవి, చెప్పని పాట ఊరిలో ఉన్నది.

1923లో రాయపూరులో పుట్టిన నాటకకర్త హబీబ్ తన్వీర్ పల్లెనటులతో ఈ కథను ‘సోన్ సాగర్’ పేరిట ప్రదర్శించినాడు. నగరప్రేక్షకులు సుఖాంతమునో దుఃఖాంతమునో ఆశింతురు. ఈ కథకు రెండును కుదరవు. కొన్ని పాఠములలో లోరిక్ తిరిగివచ్చి ఇద్దరు భార్యలతో కాపురముండును. అయినను అతనికి మనసు నిలువదు. ఒకనాడు ఇల్లు వదలి పోవును. మరల ఎవరికిని కనబడడు.