జబ్బు తగ్గిందనే కాగితం

జబ్బు తగ్గిందని రుజువు చూపి సరిహద్దు దాటడం కొత్త సంగతి కాదు. 1951 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల్లోనే, మశూచి ఒకసారి వచ్చి పోయిందని తగిన రుజువు చూపినవారికి టీకా సర్టిఫికెట్టు అక్కర్లేదని రాశారు. ఆ మశూచి అంతమైందని 1980లో ప్రకటించారు.

కరోనా రోజుల్లో అదే పద్ధతి మళ్లీ వచ్చింది. 2021 జనవరి 26 నుంచి అమెరికా విమానం ఎక్కేవారు నెగెటివ్ రిపోర్టు చూపాలన్నారు. అక్కడ స్థిరపడి, చుట్టపుచూపుగా హైదరాబాదు వచ్చి జబ్బుపడ్డవారికి చిక్కు ఇక్కడే. ఒళ్లు కుదుటపడ్డా కొందరికి మూడు నెలల దాకా పరీక్షలో పాజిటివే వచ్చేది. మరి ఇంటికి వెళ్లేదెలా? అలాంటివారికి రెండు కాగితాలు దారి ఇచ్చాయి: 90 రోజుల లోపలి పాజిటివ్ రిపోర్టు, ఇక ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసిన ఉత్తరం. 2022 జూన్ 12న ఈ షరతులన్నీ ఎత్తేశారు.

కాబట్టి సోదరులారా, జబ్బు తగ్గింది కదా అని పాత రిపోర్టులు చించి పారేయకండి. ఒక్కోసారి ఆ చెడ్డ రిపోర్టే మనిషిని ఇల్లు చేరుస్తుంది.