నీరు పల్లమెరుగును: హైదరాబాదు భూగర్భ మురుగుకాలువల కథ



'ప్రణాళిక' యను పదమును మనమిప్పుడు పథకమను నర్థమున వాడుచున్నాము. సంస్కృతమున దీనికి మొదటి యర్థము నీరు పోవు కాలువ, తూము. నగరముల చరిత్రము చదివినకొలది ఈ మాటలోని యౌచిత్యము నాకు తెల్లమగుచున్నది. నీటికి దారి చూపనిదే పురమునకు ప్రణాళిక లేదు. హైదరాబాదులోని ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములను దృష్టియందుంచుకొని, నేలక్రింది మురుగుకాలువల వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

నాంపల్లి రైలు స్టేషను 1907లో వెలసెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను కొలువులోని ఆల్బర్టు ఆబిడు పెట్టిన అంగడివలన ఆబిడ్సునకు ఆ పేరు వచ్చెను. ఈ రెండును మూసీకి ఉత్తరమున నున్నవి. వీనికి ఎగువను హుస్సేనుసాగరము, నౌబతు పహాడు, దిగువను నది. నేల మొత్తముమీద నదివైపునకే దిగుచున్నది. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" నను సామెత ప్రకారము, ఇచ్చటి మురుగునకు దారి ప్రకృతియే చూపినది. అయినను ఆ దారిని శాస్త్రీయముగ నేర్పరచుటకు మహోపద్రవమొకటి కావలసివచ్చెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. వారికొప్పగించిన కార్యములలో వరద నివారణ మొకటి, నగరమునకును చాదర్‌ఘాటునకును మురుగునీటి పారుదల పథకము మరియొకటి. వరద కార్యము ముందు నడచెను. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. మురుగు కార్యము వెనుకబడెను. జలాశయము కన్నుల పండువు. పాతిపెట్టిన గొట్టమును చూచి మెచ్చువాడెవడు? 1922లో విశ్వేశ్వరయ్యగారిని ఇందుకై మరల పిలిపించిరి. తుదకు 1931లో, సుమారు 4,68,000 జనులకు, 54 చదరపు కిలోమీటర్లలో భూగర్భ వ్యవస్థ యేర్పడెను.

ఇక నిందలి శాస్త్రమును గూర్చి రెండు మాటలు. మురుగు గొట్టములో నీటిని త్రోయునది భూమ్యాకర్షణమే. కావున ప్రాణమంతయు వాటములో నున్నది. ప్రవాహము సెకనుకు 0.6 మీటరు వేగమునకు తగ్గినచో ఇసుకయు మడ్డియు అడుగున పేరుకొనును. 3 మీటర్లు మించినచో ఆ యిసుకయే గొట్టమును అరగదీయును. ఈ రెండింటి నడుమ నుండునట్లు వాటము నీయవలెను. మేస్త్రీలు అనుసరించిన పాతలెక్క యొకటి కలదు: నాలుగంగుళముల గొట్టమునకు నలుబదికొకటి, ఆరంగుళములకు అరువదికొకటి, తొమ్మిదింటికి తొంబదికొకటి. రాబర్టు మానింగు అను ఐర్లండు యింజనీరు 1889లో ప్రకటించిన సూత్రముచేత, వేగము వాలునకును, నీరు తాకు ప్రమాణమునకును, లోపలి గరుకునకును ఎట్లు లోబడునో లెక్కింప వీలాయెను.

ఆ లెక్క చొప్పున 150 మిల్లీమీటర్ల గొట్టమునకు కనీసము రెండువందలకొకటి వాటము కావలెను; అనగా నూరు మీటర్లకు అర మీటరు దిగవలెను. 300 మిల్లీమీటర్లకు సుమారు అయిదువందలకొకటి, 600 మిల్లీమీటర్లకు పదమూడువందలకొకటి చాలును. కొండవాగు నిటారుగ దుమికి, మహానది సమతలమున మెల్లగ సాగినట్లే, వీథి గొట్టములు కలిసి పెద్దవైనకొలది తక్కువ వాలుతోనే వేగము నిలుచును. లేనిచో నగరపు కొసకు చేరునప్పటికి పాతాళము దాక త్రవ్వవలసి వచ్చెడిది.

పెద్ద గొట్టము వేసినచో బాధయే యుండదని కొందరనుకొందురు. అది పొరపాటు. గొట్టము పెద్దదై నీరు స్వల్పమైనచో, ఆ నీరు అడుగున పలుచగ పరచుకొని మందగించును, మడ్డి నిలుచును. అందుచేతనే పూర్వము అడుగు సన్నగించి గ్రుడ్డు ఆకారమున కాలువలు కట్టిరి. అట్లని గొట్టమును అంచులవరకు నింపరాదు. ప్రవాహము మిక్కుటముగ నున్న వేళ సైతము పైన అయిదవవంతు గాలికి విడువవలెను.

గాలికేల యందురా? నిలిచిన మురుగు కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును పుట్టించును. అది తేమతో గూడి ఆమ్లమై కాంక్రీటు గొట్టపు నడినెత్తిని తినివేయును. అంతకన్న ఘోరము, మ్యాన్‌హోలులో దిగిన మనుష్యుని క్షణములో కూల్చును. ఒక అంగుళము వాటము తప్పుటకును ఒక తల్లి కడుపుకోతకును ఇంతటి చుట్టరికము కలదు. మనుష్యులచేత పాకీపనిని నిషేధించు చట్టము 2013లో వచ్చెను. మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయలీయవలెనని సుప్రీంకోర్టు 2014లో శాసించెను. 2023లో దానిని ముప్పదిలక్షలు చేసెను. వెల పెరిగినది గాని పోయిన ప్రాణము తిరిగిరాదు.

2011 జనాభా లెక్కలనాటికి నగరపాలక సంస్థ పరిధిలోని జనులు 67 లక్షలు మించిరి. తోటలలో బంగళాలుండిన ఆబిడ్సులో అంతస్తుల భవనములును, నాంపల్లి స్టేషను చుట్టును బసలును భోజనశాలలును వెలసినవి. వంటశాలల జిడ్డు గొట్టమున గడ్డకట్టును. వానకాలువను మురుగుగొట్టమునకు కలిపినచో ఒక్క జడివానకే మూతలు లేచును. పల్లపు వీథి నివాసియే ఎగువవాని యలక్ష్యమును అనుభవించును.

కావున శ్రోతలారా, మీ వీథిలో గొట్టములు వేయునప్పుడు ఎంత లావని మాత్రమే అడుగక, రసమట్టము పెట్టి వాటము చూచిరా యని కూడ అడుగుడు. వాటము సరిగ నున్నచో మడ్డి తీయు పనిని నీరే చేసికొనును. లేనిచో దానికొక మనుష్యుని దింపుదురు.